కరెంటు ఉన్నా దారి చాలకపోతే: దక్షిణాది గ్రిడ్ చెప్పే పాఠం

*విద్యుత్ డిమాండ్ పెరిగిన ప్రతిసారీ కొత్త విద్యుత్ కేంద్రాల గురించే చర్చ జరుగుతుంది. ఆ కరెంటును మోసుకొచ్చే తీగలకు ఎంత బలం ఉందన్నది చాలాసార్లు వెనక్కి వెళ్లిపోతుంది. ఒకప్పుడు దేశం నుంచి విడిగా ఉన్న దక్షిణాది గ్రిడ్ కథ చూస్తే, తీగలు ఎందుకంత ముఖ్యమో, వాటి సామర్థ్యం పెంచడం ఎందుకంత కష్టమో తెలుస్తుంది.*

2013 డిసెంబర్ 31 రాత్రి. దేశం కొత్త సంవత్సరం కోసం ఎదురుచూస్తున్న వేళ, కర్ణాటకలోని రాయచూర్‌కూ మహారాష్ట్రలోని సోలాపూర్‌కూ మధ్య కొత్తగా వేసిన 765 కిలోవోల్టుల లైనుకు కరెంటు ఇచ్చారు. పొడవు దాదాపు 200 కిలోమీటర్లు. దేశంలోని లైన్లతో పోలిస్తే అదేమంత పెద్దది కాదు. అయినా ఆ రాత్రి నుంచి కశ్మీర్ మొదలు కన్యాకుమారి దాకా గ్రిడ్‌కు అనుసంధానమైన జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా ఐదు ప్రాంతీయ గ్రిడ్లలో ఒక్క దక్షిణాదే విడిగా ఉండేది. అదీ కలవడంతో దేశానికి ఒకే గ్రిడ్ ఏర్పడింది.

ఆ కలయిక వెనుక తెలుగువారికి బాగా గుర్తున్న ఒక ఇబ్బంది ఉంది. 2012, 2013 వేసవుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో గంటల తరబడి కోతలు. పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు ఏకంగా 'పవర్ హాలిడే'. అదే సమయంలో తూర్పు, పశ్చిమ రాష్ట్రాల్లో అమ్మకానికి కరెంటు ఉండేది. విద్యుత్ ఎక్స్‌ఛేంజీలో అదే గంటకు, అదే యూనిట్‌కు ఉత్తరాదిలో ఒక ధర, దక్షిణాదిలో అంతకన్నా చాలా ఎక్కువ ధర పలికిన రోజులెన్నో. కారణం ఒక్కటే. కరెంటు ఉంది, అది వచ్చే దారి ఇరుకు.

నాలుగు కిటికీల ఇల్లు

దక్షిణాదికి బయటి నుంచి కరెంటు అసలు రాలేదని కాదు. విశాఖపట్నం పక్కనున్న గాజువాకలో తూర్పు గ్రిడ్‌తోనూ, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా భద్రావతిలో పశ్చిమ గ్రిడ్‌తోనూ అనుసంధాన కేంద్రాలు ఉన్నాయి. ఒక్కోదాని సామర్థ్యం 1,000 మెగావాట్లు. ఒడిశాలోని తాల్చేర్ నుంచి కర్ణాటకలోని కోలార్ దాకా మొదట 2,000 మెగావాట్ల సామర్థ్యంతో వేసిన డీసీ లైను 2003 నుంచి పనిచేస్తోంది. ఇవి కాకుండా కొన్ని చిన్న లైన్లు. కోట్ల జనాభా ఉన్న దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ కలిపి ఉన్న కిటికీలు అవే.

గాజువాక, భద్రావతి కేంద్రాలు చేసే పని విచిత్రంగా ఉంటుంది. ఒకవైపు నుంచి వచ్చిన ఏసీ కరెంటును డీసీగా మార్చి, వెంటనే అదే ఆవరణలో మళ్లీ ఏసీగా మార్చి అవతలి గ్రిడ్‌లోకి పంపుతాయి. అంత శ్రమ ఎందుకంటే, రెండు ఏసీ గ్రిడ్లను నేరుగా కలపాలంటే రెండిటి లయా ఒకటి కావాలి.

మన దేశంలో ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దీన్నే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అంటారు. ఒక గ్రిడ్‌లో కలిసి ఉన్న జనరేటర్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లా ఒకే అడుగు వేయాలి. వాడకం ఉత్పత్తిని మించితే అందరి అడుగూ నెమ్మదిస్తుంది, అంటే ఫ్రీక్వెన్సీ 50 కన్నా తగ్గుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. దేశంలో దీన్ని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలన్నది నియమం. అప్పట్లో దక్షిణాది గ్రిడ్ అడుగు వేరు, మిగతా దేశం అడుగు వేరు. డీసీకి ఊగడమే లేదు కాబట్టి, లయ కలవని రెండు గ్రిడ్ల మధ్య అది దుబాసీలా పనిచేసింది.

చీకటి నుంచి తప్పించుకున్న ప్రాంతం

ఒంటరితనం వల్ల ఒక మేలు కూడా జరిగింది. 2012 జులై 30 వేకువజామున రెండున్నర దాటాక ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ ఒకేసారి పడిపోయాయి. దాదాపు 60 కోట్ల మంది ఉండే ప్రాంతాలకు కరెంటు పోయింది. రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. బెంగాల్, జార్ఖండ్ బొగ్గు గనుల్లో వందల మంది కార్మికులు లోపలే చిక్కుకుని, తర్వాత క్షేమంగా బయటికొచ్చారు. దక్షిణాది మాత్రం తూర్పు నుంచి వచ్చే సరఫరాలో కొంత పోయినా నిలదొక్కుకుంది.

ఆ ప్రమాదంపై జరిగిన విచారణలో తేలిన విషయం తీగల సామర్థ్యం గురించి ఆలోచించేవారికి పెద్ద పాఠం. మధ్యప్రదేశ్‌లోని బీనా నుంచి గ్వాలియర్ మీదుగా ఆగ్రా వెళ్లే మార్గంలో రెండు లైన్లున్నాయి. వాటిలో ఒకదాన్ని 400 నుంచి 765 కిలోవోల్టులకు పెంచే పనుల కోసం ఆపి ఉంచారు. సామర్థ్యం పెంచడానికే ఒక దారి మూశారన్నమాట. దాంతో బరువంతా రెండో లైనుపై పడింది. లైనులో ఎక్కడా తెగింది లేదు, ఏ చెట్టూ తగల్లేదు. కరెంటు ఎక్కువగా పారుతూ వోల్టేజీ తగ్గేసరికి, రక్షణ కోసం పెట్టిన రిలే దాన్నే షార్ట్ సర్క్యూట్‌గా పొరబడి లైనును కట్ చేసింది. ఆ బరువు పక్క లైన్ల మీద పడింది. అవీ ఒకదాని తర్వాత ఒకటి కట్ అయ్యాయి.

రోడ్డు మీద లారీని ఏ దారిలో పంపాలో మనం చెప్పగలం. ఏసీ గ్రిడ్‌లో కరెంటుకు అలా చెప్పలేం. ఉన్న దారులన్నిటిలోనూ, ఎక్కడ అడ్డంకి తక్కువో అక్కడ ఎక్కువగా, తనంతట తానే పంచుకుని పారుతుంది. ఒక దారి మూస్తే ఆ భారం క్షణంలో మిగతా దారులకు చేరుతుంది. అందుకే గ్రిడ్‌లో ఏ ఒక్క లైను పోయినా మిగతావి తట్టుకునేలా ప్లాన్ చేస్తారు. ఏ తీగనూ దాని పూర్తి బలం మేరకు వాడకపోవడం వృథా కాదు. పక్క తీగ తెగిన రోజు కోసం దాచుకున్న బలం అది.

ఇంత జరిగిన ఏడాదిన్నరకే దక్షిణాదిని అదే గ్రిడ్‌తో కలిపారు. ఒంటరిగా ఉంటే ఇతరుల చీకటి తాకదు, కానీ మండువేసవిలో ఇతరుల వెలుగూ అందదు. కలవాల్సిందేనని తేలాక మిగిలింది ఒక్కటే, ఆ దారులను బలంగా వేయడం.

తీగకు రెండు హద్దులు

ఉన్న లైనులోనే ఇంకాస్త కరెంటు ఎందుకు పంపకూడదు? ఈ ప్రశ్నకు జవాబు లైను పొడవును బట్టి మారుతుంది.

పొట్టి లైన్లకు హద్దు వేడి. కరెంటు పెరిగేకొద్దీ తీగ వేడెక్కుతుంది. వేడెక్కిన లోహం సాగుతుంది, రెండు టవర్ల మధ్య తీగ కిందికి జారుతుంది. 400 కిలోవోల్టుల తీగ నేల నుంచి కనీసం 8.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకన్నా దిగితే కింద వెళ్లే గడ్డి లారీకో, చెట్టుకొమ్మకో కరెంటు దూకవచ్చు. వాడకం తారస్థాయికి చేరేది మే నెల మధ్యాహ్నాల్లోనే. తీగ తొందరగా చల్లారనిదీ అప్పుడే. సరిగ్గా అవసరమైన వేళకే తీగ మోసే శక్తి తగ్గుతుంది.

పొడవైన లైన్లలో వేడి సమస్య రాకముందే ఇంకో హద్దు ఎదురవుతుంది. లైను పంపే చివర, అందుకునే చివర ఊపు ఒకటే అయినా, అందుకునే చివర కాస్త వెనకబడి ఊగుతుంది. రెండు బళ్లను సాగే తాడుతో కట్టి లాగితే, వెనకబండి బరువు పెరిగేకొద్దీ తాడు సాగినట్లే, ఎక్కువ విద్యుత్తు పంపేకొద్దీ ఈ వెనకబాటు పెరుగుతుంది. ఒక స్థాయి దాటితే తాడు తెగినట్లే, రెండు చివరల మధ్య లయ తప్పుతుంది. లైను ఎంత పొడవైతే తాడు అంత మెత్తన. కాబట్టి వందల కిలోమీటర్ల లైనులో తీగ ఇంకా చల్లగానే ఉన్నా, అంతకు మించి పంపడం ప్రమాదం.

గ్రిడ్ 'అప్‌గ్రేడ్' అన్న ఒక్క మాట కింద ఇన్ని వేర్వేరు పనులు ఉండటానికి ఈ రెండు హద్దులే కారణం. పొట్టి లైనుకు పనికొచ్చే మందు పొడవు లైనుకు పనికిరాదు.

వోల్టేజీ పెంచడం

మొదటి మార్గం వోల్టేజీ పెంచడం. వోల్టేజీ రెట్టింపు చేస్తే అదే విద్యుత్తును సగం కరెంటుతో పంపొచ్చు. తీగలో వేడి రూపంలో పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. లయ తప్పకుండా పంపగల విద్యుత్తు దాదాపు నాలుగు రెట్లవుతుంది. మామూలు 400 కిలోవోల్టుల లైను సహజ సామర్థ్యం సుమారు 500 మెగావాట్లయితే, 765 కిలోవోల్టుల లైనుది సుమారు 2,200 మెగావాట్లు. మొదటిదానికి 46 మీటర్ల వెడల్పు దారి కావాలి, రెండోదానికి 65 మీటర్ల దాకా. భూమి కాస్త ఎక్కువే అయినా మోసేది నాలుగు రెట్లు.

దక్షిణాదిని బలపరచడంలో ప్రధానంగా నమ్ముకున్నది దీన్నే. రాయచూర్–సోలాపూర్ మధ్య రెండో లైను 2014లో వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో మహారాష్ట్రలోని వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా హైదరాబాద్ శివారు మహేశ్వరానికీ, ఒడిశాలోని అంగుల్ నుంచి శ్రీకాకుళం మీదుగా గోదావరి తీరంలోని వేమగిరికీ 765 కిలోవోల్టుల లైన్లు పడ్డాయి. ఇంకా పైకి వెళ్లే ప్రయత్నంగా బీనాలో 1,200 కిలోవోల్టుల పరీక్షా కేంద్రాన్ని కూడా ఏర్పాటు చేశారు.

తీగ మార్చడం

నగరాల చుట్టూ కొత్త టవర్లకు చోటు దొరకదు. అక్కడ లైన్లు పొట్టివి, హద్దు వేడే. కాబట్టి టవర్లను అలాగే ఉంచి తీగ మాత్రం మారుస్తారు. పాత తీగలో బయట అల్యూమినియం పోగులు, బలం కోసం నడుమ ఉక్కు పోగులు ఉంటాయి. దాన్ని 75 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వరు. కొత్తరకం తీగల్లో నడుమ ఉండేది వేడికి పెద్దగా సాగని ప్రత్యేక లోహం, లేదా కార్బన్ నారతో చేసిన పదార్థం. అవి 150 డిగ్రీలు దాటినా అంతగా కిందికి జారవు. అదే టవర్ మీద దాదాపు రెట్టింపు కరెంటు మోస్తాయి.

ఇందులో మెలిక కూడా ఉంది. కరెంటు రెట్టింపు చేస్తే తీగలో నష్టం నాలుగు రెట్లు. రోజంతా నిండుగా నడిచే లైనుకు ఇది ఖరీదైన బేరం. సాయంత్రం రెండు మూడు గంటలో, పక్క లైను ఆగినప్పుడో మాత్రమే భారం పెరిగే చోట బాగా పనికొస్తుంది.

తీగ కూడా మార్చకుండా కొంత సామర్థ్యం రాబట్టే పద్ధతి మరొకటి ఉంది. లైను ఎంత మోయగలదో సాధారణంగా మండుటెండ, నామమాత్రపు గాలి అన్న లెక్కతో నిర్ణయిస్తారు. నిజానికి గాలి వీచే రోజున తీగ చాలా తొందరగా చల్లారుతుంది. తీగ మీద సెన్సర్లు పెట్టి, వాతావరణాన్ని బట్టి ఎప్పటికప్పుడు హద్దును లెక్కగట్టవచ్చు. గాలి మరలున్న ప్రాంతాలకు ఇది మరీ అనుకూలం. గాలి బాగా వీచి కరెంటు ఎక్కువగా పుట్టే వేళకే తీగ మోసే శక్తి కూడా పెరుగుతుంది.

డీసీ దారి

వందల కిలోమీటర్లు దాటి వేల మెగావాట్లు తేవాలంటే డీసీ మేలు. అందులో ఊపు లేదు కాబట్టి వెనకబాటు సమస్యే లేదు. మూడు తీగ కట్టలకు బదులు రెండు చాలు. ఖరీదంతా రెండు చివరల్లో కట్టాల్సిన కన్వర్టర్ స్టేషన్లదే. అందుకే తక్కువ దూరాలకు గిట్టదు. దూరం పెరిగేకొద్దీ తీగల్లో మిగిలే డబ్బు ఆ ఖర్చును పూడుస్తుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగళూరు దాకా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా సాగే 800 కిలోవోల్టుల డీసీ లైను పొడవు 1,700 కిలోమీటర్లకు పైనే. సామర్థ్యం 6,000 మెగావాట్లు. 2003లో తాల్చేర్ లైను మొదలైనప్పటి సామర్థ్యానికి ఇది మూడు రెట్లు. అక్కడి నుంచి కేరళలోని త్రిస్సూర్‌కు 2,000 మెగావాట్ల మరో డీసీ మార్గం వేశారు. జనసాంద్రత ఎక్కువ కావడంతో కేరళలో దాని కొంత భాగాన్ని భూగర్భ కేబుల్‌గా తీసుకెళ్లారు.

డీసీలో ఇంకో సౌలభ్యం, ఎంత విద్యుత్తు, ఎటువైపు పారాలన్నది ఇంజినీరు చేతిలో ఉంటుంది. రాయగఢ్–పుగళూరు మార్గాన్ని రెండు దిశల్లోనూ నడిచేలా కట్టారు. వేసవిలో ఛత్తీస్‌గఢ్ బొగ్గు కరెంటు దక్షిణానికి వస్తుంది. వర్షాకాలంలో తమిళనాడు గాలి మరలు జోరుగా తిరిగేటప్పుడు అదే దారిలో కరెంటు ఉత్తరానికి పోగలదు.

కంటికి కనిపించే లయ

పెద్ద గ్రిడ్లను కలిపినప్పుడు మరో చిక్కు వస్తుంది. ఒక మూల చిన్న కుదుపు కలిగితే, గ్రిడ్‌లోని ఒక భాగం జనరేటర్లు మరో భాగం వాటికి ఎదురుగా నెమ్మదిగా ఊగడం మొదలవుతుంది. కొన్ని సెకన్లలో ఆ ఊగులాట సద్దుమణగాలి. పెరిగితే ప్రమాదం. పాత పర్యవేక్షణ వ్యవస్థలు కొన్ని సెకన్లకోసారి మాత్రమే కొలతలు పంపేవి. ఆ మధ్యలో జరిగింది కనిపించేది కాదు.

ఇప్పుడు ముఖ్యమైన సబ్‌స్టేషన్లలో ఫేజర్ కొలమానాలు అమర్చారు. ఉపగ్రహ గడియారంతో సమయం సరిచూసుకుంటూ అవి సెకనుకు 25 సార్లు వోల్టేజీ ఊపును నమోదు చేస్తాయి. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్ల ఆ క్షణంలో వెనకబాటు ఎంతుందో కంట్రోల్ రూమ్‌లో నేరుగా చూడవచ్చు. వోల్టేజీ తగ్గితే పైకెత్తి, పెరిగితే కిందికి దించే స్టాట్‌కామ్ అనే పరికరాలను కూడా కీలకమైన చోట్ల పెడుతున్నారు. ఇవి కొత్త దారులు కావు. ఉన్న దారిలో కాస్త ధైర్యంగా నడవడానికి ఊతకర్రలు.

ఎండ ఉన్నచోట తీగ లేదు

పదేళ్ల కిందటి సమస్య బొగ్గు కరెంటును దక్షిణాదికి తేవడం. ఇప్పటి సమస్య వేరు. 2024 మే 30న దేశంలో డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది, అప్పటికి అదే రికార్డు. పెరుగుతున్న వాడకంలో ఎక్కువ భాగాన్ని ఎండ, గాలితో తీర్చాలన్నది లక్ష్యం. కానీ బొగ్గును రైలెక్కించి నగరం దగ్గరి కేంద్రానికి తేవచ్చు. ఎండను తేలేం. రాజస్థాన్ ఎడారి, గుజరాత్‌లోని ఖావ్‌డా, కర్ణాటకలోని పావగడ, కర్నూలు–అనంతపురం మెట్టభూములు... విద్యుత్తు అక్కడే పుడుతుంది, తీగే అక్కడికి వెళ్లాలి.

చిక్కంతా కాలం దగ్గర వచ్చింది. సోలార్ పార్కును ఏడాది, ఏడాదిన్నరలో కట్టేయవచ్చు. దాని కరెంటును బయటికి తెచ్చే పెద్ద లైనుకు సర్వే, అనుమతులు, భూమి, టవర్లు కలిపి మూడేళ్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. పలకలు సిద్ధమై తీగ రాకపోతే, మిట్టమధ్యాహ్నం ఉత్పత్తిని తగ్గించుకోమని ఆదేశాలు వస్తాయి. రాజస్థాన్‌లో ఇటీవల ఇలాగే జరిగింది. అక్కడ అడవికి, పక్షికి సంబంధించిన ప్రశ్న కూడా ఉంది. అంతరించిపోయే దశలో ఉన్న బట్టమేక పిట్టలు తీగలకు తగిలి చనిపోతున్నందున, వాటి ఆవాసాల్లో లైన్లను భూగర్భంలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. హై వోల్టేజీ తీగలను అంత విస్తృతంగా పాతిపెట్టడం ఆచరణలో కష్టమన్న వాదనల తర్వాత 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీ వేసింది.

పలకలున్నచోటే విద్యుత్తును నిల్వ చేయడం దీనికి కొంత పరిష్కారం. మధ్యాహ్నం మిగిలినదాన్ని బ్యాటరీల్లోనో, నంద్యాల జిల్లా పిన్నాపురంలోలా నీళ్లను కొండమీదికి ఎక్కించే పద్ధతిలోనో దాచి సాయంత్రం పంపితే, ఒకే తీగ పగలూ రాత్రీ పనిచేస్తుంది. దానివల్ల తీగ అవసరం తగ్గుతుంది, తీరిపోదు.

టవర్ కింద పొలం

లైన్లు ఆలస్యం కావడానికి ప్రధాన కారణాల్లో ఒకటి నేలమీదే ఉంది. టవర్ నిలిపే భూమిని సేకరించరు. యాజమాన్యం రైతుదే. కానీ నాలుగు కాళ్ల మధ్య ట్రాక్టర్ తిరగదు. తీగల కింద వరి, పత్తి వేసుకోవచ్చు, కొబ్బరి, మామిడి పెంచకూడదు, ఇల్లు కట్టకూడదు. ఊరికి దగ్గరి పొలమైతే అమ్ముకునే ధర కూడా పడిపోతుంది. లాభం వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊరికి, భారం ఈ రైతుకు.

2015 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం టవర్ కాళ్ల మధ్య భూమికి దాని విలువలో 85 శాతం, తీగల కింది భూమికి గరిష్ఠంగా 15 శాతం పరిహారం. 2024 జూన్‌లో వీటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచారు. రాష్ట్రాలు వీటిని ఎంత త్వరగా అమలు చేస్తాయి, విలువను ఏ ధర మీద కడతాయి అన్నదాన్ని బట్టే అనేక లైన్ల భవిష్యత్తు ఉంటుంది.

2024 అక్టోబర్‌లో విడుదలైన జాతీయ విద్యుత్ ప్రణాళిక ప్రకారం, అప్పటికి 4.85 లక్షల సర్క్యూట్ కిలోమీటర్లున్న లైన్లు 2032 నాటికి 6.48 లక్షలకు చేరాలి. ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి పంపగల సామర్థ్యం 119 నుంచి 168 గిగావాట్లకు పెరగాలి. అంచనా వ్యయం రూ. 9.15 లక్షల కోట్లు. ఏ లైనుకు ఏ మార్గం సరిపోతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. అది అనుకున్న వేసవికల్లా సిద్ధమవుతుందా లేదా అన్నది మాత్రం పొలంగట్టు మీద, రైతుతో కుదిరే ఒప్పందంతో తేలుతుంది. పవర్ హాలిడేలు చూసిన తెలుగు నేలకు, ఆలస్యమైన లైను ఖరీదు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.